నీ ల్యాబ్ ఫొటోలో షవర్ కింద అట్టపెట్టెలు

ఒరేయ్ రవీ,

నీ మెసేజ్ వచ్చి మూడు రోజులైంది, రిప్లై లేదని ఈపాటికి తిట్టుకునే ఉంటావ్, కానీ ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదురా, అందుకే ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని కూర్చున్నా. ముందు కంగ్రాట్స్, అసిస్టెంట్ ప్రొఫెసర్ గారూ! మా ఆవిడకి చెప్తే "ఎవరు, ఆ కనుబొమ్మ కాలిన రవి అన్నయ్యా?" అంది. చూశావా, నీ పీహెచ్‌డీ ఎవరికీ గుర్తులేదు, కనుబొమ్మ మాత్రం ఉంది.

నువ్వు పంపిన ఫొటోలు ఆరూ జూమ్ చేసి మరీ చూశా. తలుపు మీద నీ పేరు బాగుంది, ద్రావకాల్ని ఆవిరి చేసే ఆ కొత్త రోటావాప్ మెషిన్ చూస్తే కుళ్ళొచ్చింది. కానీ నాలుగో ఫొటోలో మూలన సేఫ్టీ షవర్, అదే ఒంటికి మంట అంటుకుంటే పరిగెత్తి కింద నిలబడేది, ఉంది చూడు, దాని కింద గ్లాస్‌వేర్ వచ్చిన అట్టపెట్టెలు నా ఎత్తున పేర్చి ఉన్నాయ్, వాటి మీద ఒక విరిగిన కుర్చీ కూడా. ఇది మీ అటెండర్ పని అనకు. తలుపు మీద నీ పేరుంది కదా, ఇక అవి నీ పెట్టెలే.

మన ఎమ్మెస్సీ రోజులు ఒక్కసారి గుర్తు తెచ్చుకో. టీహెచ్ఎఫ్ అనే ద్రావకంలో తడి పోగొట్టడానికి, నీళ్ళు తగిలితే మండే సోడియం తీగ వేసి పెట్టాం, పనైపోయాక అడుగున మిగిలిన ముక్కల్ని ఏం చెయ్యాలో మనకెవడూ చెప్పలా, ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌లో వేసి నెమ్మదిగా చంపాలని ఆ తర్వాతెప్పుడో తెలిసింది, నువ్వేమో శుభ్రంగా ఫ్లాస్క్ తీసుకెళ్ళి సింకులో ఒంపి కుళాయి తిప్పావ్. ఆ మంట, ఆ చప్పుడు, నువ్వు వెనక్కి పడటం, నేను ఇసుక బకెట్ కోసం పరిగెత్తితే అందులో ఇసుక తక్కువ, బీడీ ముక్కలు, చాక్‌పీసులు ఎక్కువ! సార్ ఆ రోజు పేపర్ వాల్యుయేషన్‌కి వేరే ఊళ్ళో ఉన్నారు. తర్వాత వచ్చి "ఎవడు చెయ్యమన్నాడ్రా నిన్ను?" అని అరిచారు, మనం తలొంచుకుని నిలబడ్డాం, ఇంటికెళ్ళి నువ్వు గ్యాస్ పొయ్యి ఎగదన్నిందని అబద్ధం కూడా చెప్పావ్. ఇన్నేళ్ళకి ఆలోచిస్తే ఆ తిట్టే తలకిందులుగా ఉందనిపిస్తుందిరా. ఎవడూ చెయ్యమనలేదు, ఎలా చెయ్యాలో కూడా ఎవడూ చెప్పలేదు, జరిగిన తప్పు అదే, అది మనది కాదు. అయినా మన ప్రాజెక్ట్ రిపోర్ట్ మొదటి పేజీలో "నా పర్యవేక్షణలో జరిగిన పని" అని ఆయన సంతకమే ఉంది.

సరే అసలు విషయానికొస్తా. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో జరిగింది నువ్వూ వినే ఉంటావ్, కానీ వివరాలు ఎంతమందికి తెలుసో. 2008 డిసెంబర్ 29, క్రిస్మస్ సెలవులు. షెరీ సంగ్జీ అని 23 ఏళ్ళ అమ్మాయి, ప్రొఫెసర్ ప్యాట్రిక్ హ్యారన్ ల్యాబ్‌లో అక్టోబర్‌లోనే రీసెర్చ్ అసోసియేట్‌గా చేరింది. టెర్ట్ బ్యూటైల్ లిథియం సంగతి నీకు చెప్పాలా, గాలి తగిలితే చాలు అంటుకుంటుంది. దాన్ని 60 మి.లీ. ప్లాస్టిక్ సిరంజిలో ఇంచుమించు నిండుగా, 50 మి.లీ. పైనే లాగుతోంది. ప్లంజర్ ఊడొచ్చేసింది, లోపలిది గాలి తగిలి అంటుకుంది. పక్కనే ఇట్టే మండే హెక్సేన్ ఉన్న ఫ్లాస్క్ ఒలికింది. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెటర్ ఉంది, అది కరిగి ఒంటికి అతుక్కుపోయింది. గదిలో షవర్ ఉంది, దాని కిందకి ఎవరూ తీసుకెళ్ళలేదు. 18 రోజులు ఆస్పత్రిలో ఉండి 2009 జనవరి 16న చనిపోయింది.

మా కంపెనీలో బ్యూటైల్ లిథియం వాడే కుర్రాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే, 50 మి.లీ. దాకా వచ్చిందంటే సిరంజి పక్కన పడేసి క్యాన్యులా, అంటే రెండు సీసాల్ని కలిపే సన్నటి స్టీల్ గొట్టం, పట్టు, నైట్రోజన్ ప్రెషర్‌తో దానంతటదే పోతుంది, చిన్నదానికి సిరంజి వాడినా సగానికి మించి నింపకు. ఇది పెద్ద విద్యేం కాదు, పక్కన నిలబడి చూపిస్తే అరగంటలో వచ్చేది. ఆ అమ్మాయి ఇదే రియాక్షన్ అంతకు ముందు ఒక్కసారి చిన్న స్కేల్‌లో చేసింది, ఈసారి పెంచింది.

ఇంకా కడుపు మండే సంగతి ఏంటంటే, ప్రమాదానికి రెండు నెలల ముందే యూనివర్సిటీ సేఫ్టీ వాళ్ళు ఆ ల్యాబ్ చూసి, కోట్లు వేసుకోవట్లేదని రిపోర్ట్ ఇచ్చారు. రిపోర్ట్ ఇచ్చారు, రిపోర్ట్ అందింది, అంతే. మన ఆఫీసుల్లో ఫైలు నడిచినట్టే అక్కడా నడిచింది, అమెరికా అయితే ఏంటి.

తర్వాత కాలిఫోర్నియా కార్మిక భద్రతా శాఖ 31,875 డాలర్లు ఫైన్ వేసింది. ప్రాణం పోతే అది ఫైనా అని నీకనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ 2011 డిసెంబర్‌లో డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటర్, ప్రొఫెసర్ మీదా యూనివర్సిటీ మీదా క్రిమినల్ కేసు పెట్టాడు, అక్కడ ఉలిక్కిపడింది చూడు ప్రొఫెసర్ల లోకం! ల్యాబ్ ప్రమాదానికి ప్రొఫెసర్ జైలుకెళ్ళొచ్చా అన్న ప్రశ్న అప్పటిదాకా ఎవరి బుర్రలోకీ వచ్చినట్టు లేదు. 2012లో యూనివర్సిటీ బాధ్యత ఒప్పుకుని, ఆ అమ్మాయి పేరు మీద 5 లక్షల డాలర్ల స్కాలర్‌షిప్ పెట్టి, అన్ని క్యాంపస్‌ల్లో రూల్స్ మారుస్తామని రాసిచ్చి బయటపడింది. 2014లో హ్యారన్‌తో కూడా ఒప్పందం అయింది, కాలిన గాయాల ఆస్పత్రికి 10,000 డాలర్లు, 800 గంటల సమాజ సేవ, వగైరా. నేరం ఒప్పుకోలేదు, కానీ తన ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళ భద్రతకి చివరి బాధ్యత తనదేనని మాత్రం ఒప్పుకున్నాడు. 2018లో కేసు కొట్టేశారు. ఆ కుటుంబానికి ఇది న్యాయంలా అనిపించలేదు, ఎలా అనిపిస్తుంది చెప్పు.

ఇందులో ఒక మెలిక ఉందిరా. ఆ అమ్మాయి స్టూడెంట్ కాదు, జీతం తీసుకునే ఉద్యోగి, అందుకే కార్మిక చట్టం కదిలింది. అదే మామూలు స్టూడెంట్ అయ్యుంటే ఆ చట్టం కిందకే వచ్చేది కాదు. ఇప్పుడు మన స్కాలర్లని తలుచుకో, వాళ్ళకొచ్చేది ఫెలోషిప్, జీతం కాదు, అది కూడా ఆర్నెల్లకోసారి బతిమాలుకుంటే. వాళ్ళ తరఫున అడిగేవాడు ఎవడున్నాడు? నువ్వే. ఇంకెవడూ లేడు.

మా జీడిమెట్ల సంగతి వేరు. గొప్ప అని చెప్పట్లేదు, పరవాడ, పాశమైలారం పేర్లు పేపర్లో ఎందుకొస్తాయో నీకూ తెలుసు. కానీ మా ఆర్ అండ్ డీలో కళ్ళజోడు లేకుండా తలుపు దాటితే సెక్యూరిటీ వాడే ఆపుతాడు, ఎండీ అయినా సరే. ఇక 10 గ్రాముల రియాక్షన్ 500 గ్రాములకి పెంచాలంటే క్యాలరీమీటర్‌లో వేడి లెక్క తేలాలి, నలుగురు కూర్చుని ఏది ఎక్కడ తన్నొచ్చో మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే. ఎందుకంటే ఇంట్లో గిన్నెడు పప్పు పది నిమిషాల్లో చల్లారుద్ది, పెళ్ళి గుండిగలో పప్పు సాయంత్రందాకా పొగలు కక్కుద్ది. ఫ్లాస్క్ పెద్దదయ్యే కొద్దీ లోపల సరుకు పెరిగినంతగా పైన తలం పెరగదు, వేడి బయటికి పోయే దారి ఉండదు. ఇది వంటమేస్త్రీకి తెలుసు, ఫస్టియర్ స్కాలర్‌కి తెలియదు, వాడికి యీల్డ్, అంటే చేతికొచ్చే సరుకు, కావాలి, గైడ్‌కి పేపర్ కావాలి, ఒకే దెబ్బకి ఎక్కువ చేసేస్తే పోలా అనుకుంటాడు.

అమెరికాలోనే టెక్సస్ టెక్ యూనివర్సిటీలో సరిగ్గా అదే అయింది, 2010 జనవరి 7న. నికెల్ హైడ్రజీన్ పెర్క్లోరేట్, పేలుడు పదార్థమే, పరిశోధనే దాని మీద. 100 మిల్లీగ్రాములకి మించి చెయ్యొద్దని గైడ్లు నోటిమాటగా అన్నారు. ప్రతిసారీ కొత్తగా చేసుకోవడం ఎందుకని స్టూడెంట్లు ఒకేసారి 10 గ్రాములు చేశారు, అంటే వంద రెట్లు. హెక్సేన్‌తో తడిపితే ఏం కాదనుకున్నారు. గడ్డలు నలుపుతుంటే పేలింది, ఆ అబ్బాయికి మూడు వేళ్ళు పోయాయి, కంటికి కూడా దెబ్బ. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు వచ్చి చూస్తే తేలిందేంటి, ఆ 100 మిల్లీగ్రాముల మాట ఎక్కడా రాసి లేదు, అది అందరికీ చేరనూ లేదు, అంతకు ముందు జరిగిన చిన్న చిన్న సంఘటనలు కూడా ఏ పాఠంగానూ మిగల్లేదు. గైడ్ అన్నది గాలికి పోయింది.

అందుకే చెప్తున్నా, నువ్వు గోడకి చార్టులు అంటించి, రసాయనాల ప్రమాద వివరాలుండే ఎమ్మెస్‌డీఎస్ ఫైల్ బీరువాలో పెట్టి, స్కాలర్లతో "చదివి అర్థం చేసుకున్నాను" అని సంతకాలు పెట్టించుకుంటే అయిపోయిందనుకోకు, ఆ సంతకాలు నిన్ను కాపాడడానికి, వాళ్ళని కాదు. రోజూ పొద్దున్న ఒక రౌండ్ కొట్టి, ల్యాబ్‌లో అందరికంటే కొత్తగా చేరిన పిల్లనో పిల్లాడినో "ఈరోజు ఏం చేస్తున్నావమ్మా, ఎంత స్కేల్" అని అడుగు. ఆ జవాబులో నీళ్ళు నమిలితే ఆ రోజు పొగలు లాగే హుడ్ ముందు నువ్వే నిలబడు. సెలవు రోజున, రాత్రిపూట ఒంటరిగా లిథియం రియాజెంట్లూ సోడియం హైడ్రైడూ లాంటి ఇట్టే అంటుకునేవి తియ్యనివ్వకు, ఆ అల్మరా తాళం నీ దగ్గరే పెట్టుకో, తిట్టుకుంటే తిట్టుకోనీ. కోట్లు కాటన్‌వే కొను, ఆన్‌లైన్‌లో మెరిసే పాలిస్టర్ కోటు చవకని ఎగబడకు, అది కాలితే స్వెటర్‌కీ దానికీ తేడా ఉండదు. ముఖ్యంగా ఎవడైనా వచ్చి "సార్, ఫ్లాస్క్ పగిలింది, కాస్త మంటొచ్చింది" అంటే అరవకు. మన సార్ అరిచాక మనం ఇంకెప్పుడైనా ఆయనకి ఏదైనా చెప్పామా? ఆ ఏడాదిలోనే నేను బ్రోమిన్ సీసా ఒలకబోసి తలుపులన్నీ తెరిచి రెండు గంటలు దగ్గుతూ కూర్చున్నా, ఆ సంగతి నీకు కూడా ఈరోజే చెప్తున్నా.

డబ్బుల్లేవంటావు, తెలుసు. హెచ్ఓడీ గారు షవర్ లైన్‌కి టెండర్ పిలవాలంటారు, ఆ టెండర్ నీ రిటైర్మెంట్ నాటికి తెరుస్తారు. అందాకా ప్లంబర్‌ని పిలిచి నీ జేబులోంచి ఇచ్చెయ్యి, లేదా నాకు చెప్పు, సగం నేనేసుకుంటా. మా దగ్గర పక్కన పెట్టేసిన స్టీల్ క్యాన్యులాలు ఓ డజను ఉన్నాయ్, మేనేజర్ని అడిగి తెస్తా.

సంక్రాంతికి ఎలాగూ ఊరొస్తున్నా, కనుమ మర్నాడు మీ క్యాంపస్‌కి వచ్చేస్తా, అరిసెలు అమ్మ పంపుతుంది. నువ్వు మాత్రం రేపే ఆ పెట్టెలూ కుర్చీ తీయించి, షవర్ గొలుసు లాగి, నీళ్ళొస్తున్నప్పుడు వీడియో తీసి పంపు. రాకపోతే రానట్టే తీసి పంపు.

ఇట్లు
నీ సింకులో మంట ఆర్పినవాడు
శీను