పెద్దబాబుకు నాన్న ఉత్తరం

విజయనగరం

చిరంజీవి పెద్దబాబుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. కోనేటిగట్టు ఇంటికి సున్నం వేయించాము. సిరిమానోత్సవానికి నువ్వు రాలేదు, ఆ తర్వాత ఫోనూ లేదు. పని ఒత్తిడి అనుకున్నాము.

మొన్న చిన్నత్త వచ్చింది. మీ బావ నిన్ను చెన్నైలో చూశాడట. నీ కోటుకు మూలమట్టం, వృత్తలేఖిని కలిసిన పిన్ను ఉందట. నువ్వు ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంలో చేరావనీ, అందులో చేరితే దేవుణ్ణి వదులుకోవాలనీ చిన్నత్త అమ్మ ఎదుటే చెప్పేసింది. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నేను దొరికినంత చదివి ఆమెకు నచ్చజెప్పాను. దేవుణ్ణి నమ్మనివాణ్ణి అసలు చేర్చుకోరు. హిందువు గీత మీద, ముస్లిం ఖురాన్ మీద ప్రమాణం చేస్తాడు. రాతిపని మేస్త్రీల నుంచి ఆ గుర్తులు వచ్చాయనీ, 1717లో లండన్‌లో నాలుగు లాడ్జీలు, అంటే వాళ్ల శాఖలు, కలిసి తమ అన్నిటిపైన ఒక గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయనీ, మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి 1961లో వచ్చిందనీ చెప్పాను. అవేవీ ఆమె చెవికెక్కలేదు. వివేకానందుడు 1884లో కలకత్తా లాడ్జిలో చేరాడన్నాకే కుదుటపడింది.

మీ పెదతాత మద్రాసులో గుమాస్తాగా ఉన్నప్పటి సంగతి నీకు చెప్పానో లేదో. ఆయన పై అధికారి, ఒక దొర, కొన్ని సాయంత్రాలు చిన్న తోలుపెట్టె పట్టుకుని లాడ్జికి వెళ్లేవాడు. అక్కడ పుర్రెలుంటాయనీ, మేకను కోస్తారనీ బంట్రోతులు చెప్పుకునేవారు. ఒక వానరోజు బండి దిగుతుంటే ఆ పెట్టె నీళ్లలో పడింది. ఆరబెట్టమని పెదతాత చేతికే ఇచ్చాడు. ఈయన ఆంజనేయ దండకం చదువుకుంటూ తెరిస్తే తెల్లని గొర్రెపిల్ల తోలు ఏప్రన్, చేతితొడుగులు, చిన్న పుస్తకం. తోలు ముట్టుకున్నాడని మామ్మ పెరట్లోనే స్నానం చేయించింది. మర్నాడు ధైర్యం చేసి అడిగితే, “నేను సభ్యుణ్ణని ఎవరికైనా చెబుతాను. మేము ఒకరినొకరం గుర్తుపట్టే సైగలు మాత్రం చెప్పను” అన్నాడట దొర.

నేను అడిగేది కూడా అదే నాయనా. చేరిన సంగతి దాచమని ఆ సంఘమే అనదు. మరి మేము చిన్నత్త నోట ఎందుకు వినాలి?

లాడ్జిలో మతం, రాజకీయం మాట్లాడకూడదట, అది నాకు నచ్చింది. దానమైనా తనకూ తనవాళ్లకూ నష్టం రాకుండా చెయ్యమని చెబుతారట. కాబట్టి చందాలు, విందులు, నల్లకోటు, అన్నీ ఇంటి అప్పు వాయిదా కట్టిన తర్వాతే. వ్యాపారం పెరుగుతుందని ఎవరైనా ఆశపెట్టి ఉంటే నమ్మకు, స్వలాభం కోసం చేరడం వాళ్ల పద్ధతికే విరుద్ధం. మూడు మెట్లున్నాయంటున్నారు. నువ్వు ఏ మెట్టు మీద ఉన్నా, పైమెట్టు ఎక్కేముందు కోడలితో మాట్లాడు. ఆ లాడ్జీల్లో ఆడవాళ్లను చేర్చుకోరు. నువ్వు కూడా చెప్పకపోతే ఆమెకు ఎవరు చెబుతారు? రాత్రుళ్లు ఆలస్యమైతే తలుపు తీసేది ఆమే కదా.

అరిసెలు పంపుతున్నాము. డబ్బా మూత గట్టిగా పెట్టు, అక్కడ గాలిలో తేమ ఎక్కువ. ఆదివారం ఫోను చెయ్యి, ముందు అమ్మతో మాట్లాడు. భోజనం చేశాకే చెయ్యి, ఆకలి మీద నీకు కోపం ఎక్కువ.

మీ నాన్న