మీ తమ్ముని సంగతి

హనుమకొండ

బిడ్డా,

ఫోన్‌ల మాట్లాడితే నువ్వు ఏడుస్తవు, నేను ఏడుస్త, చెప్పాల్సింది చెప్పకుండనే పెట్టేస్తం. అందుకే రాస్తున్న. ఆఫీసు పని అయినంక నిదానంగ చదువు.

గ్రూప్స్ కోచింగ్ ఫీజని చెప్పి తమ్ముడు నీ దగ్గర పైసలు తీసుకున్నడు. ఫీజు కట్టలే, అలవాటు పడ్డ నొప్పి గోలీలకు పెట్టిండు. నీకు కోపం వచ్చింది, రావాలె కూడా. కోపం దిగమింగుకో అని నేను అంటలేను. కానీ "ఇగ నాకు తమ్ముడు లేడనుకుంట" అన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకో. పైసలు పంపుడు బంద్ చెయ్యి, మాట్లాడుడు బంద్ చెయ్యకు. వాడు ఎంత బతిమాలినా, "అక్కా ఇదే ఆఖరు" అని ఒట్టు పెట్టినా ఫోన్‌పే కొట్టకు. కాలేజీ ఫీజు అయినా, బండి రిపేర్ అయినా నాకు చెప్పు, నేనే పోయి కడ్త. కానీ వాడు ఫోన్ చేస్తే ఎత్తు.

వాడు దీంట్ల ఎట్ల పడ్డడో నీకు సగమే తెలుసు. కాజీపేట కాడ బండి మీదికెళ్లి పడి కాలు విరిగితే రాడ్ వేసిన్రు కదా, అప్పుడు డాక్టర్ ట్రమడాల్ అనే గట్టి నొప్పి గోలి రాసిండు. అది రాయాల్సిన మందే. ఎముక విరిగినోడు మూల్గుకుంట పండాల్నా? రాసింది కొన్ని దినాలకే. చీటీ అయిపోయినంక కూడా గోలి దొరుకుతనే ఉండుడు వాన్ని ముంచింది. 2018ల ట్రమడాల్‌ను మత్తు మందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చిన్రు, డాక్టర్ చీటీ లేనిది అమ్మొద్దు. అయినా ఒక మెడికల్ షాపాయన మొదట పాత చీటీ చూసి ఇచ్చిండు, తర్వాత మొఖం చూసి ఇచ్చిండు. ట్రమడాల్ దొరకని దినం అసొంటిదే టపెంటడాల్ అనే గోలి చేతుల పెట్టిండు. కాలు నొప్పికి మొదలైన గోలి, నిద్రకు అయ్యింది, చదువుకు కూసునే ముందు అయ్యింది, ఆఖరికి పొద్దుగాల మంచం దిగాల్నంటే అయ్యింది.

నువ్వు అడిగినవు కదా, "గోలీలన్నీ గుంజుకొని మోరీల పడెయ్యకపోయినవా అమ్మా" అని. వరంగల్ ఎంజీఎం దవాఖాన సైకియాట్రీ ఓపీల డాక్టరమ్మ అందరికంటే ముందు వద్దన్నది అదే. ఇవి ఒక్కసారిగ ఆపేస్తే ఒళ్లు తిరగబడ్తది. ఒక పూట గోలి తప్పితే చాలు, ఆవలింతలు, ముక్కు కారుడు, చేతుల మీద వెంట్రుకలు నిక్కపొడుచుకునుడు, విరేచనాలు. రెండు మూడు దినాలకు బాగా ముదురుతది, వారం పది దినాలకు ఒళ్లు కొంచెం సర్దుకుంటది. నిద్ర, మనసు కుదుటపడేందుకు ఇంకా ఎన్నో దినాలు పడ్తది. అన్నిటికంటే కాళ్లు. వానికి కాళ్లు ఒక్కతాన నిలవకపోయేది. రాత్రంత గచ్చు మీద పండి మడిమెలు నేలకు రాసుకుంట, ఫ్యాన్ వెయ్యమనేటోడు, వెంటనే బంద్ చెయ్యమనేటోడు. మళ్ల గోలి వేసుకునేది మత్తు కోసమని అందరనుకుంటరు. ఆ బాధ తప్పించుకునేందుకే వేసుకుంటరు బిడ్డా. ట్రమడాల్ ఎక్కువ మోతాదుల వాడితే ఫిట్స్ కూడా వస్తయట.

అందుకే డాక్టరమ్మ లెక్క కట్టి కొంచెం కొంచెం తగ్గించుకుంట వస్తున్నది. కొందరికి ఆ బాధ తగ్గేందుకు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ అనే గోలి ఇస్తరట, ఎవరికి ఏది అనేది డాక్టరే చూసి చెప్పాలె. గోలీల పట్టీ నా దగ్గర ఉంటది, బీరువా లాకర్ల. గోలి గోలి ఎనుక రేకు మీద స్కెచ్ పెన్నుతో తారీఖు రాసి పెట్టిన. టైముకు ఒకటి చింపి ఇస్త, నా ముందట్నే మింగుతడు. మొదట్ల నా మీద కస్సుమన్నడు. ఇప్పుడు వాడే వచ్చి "అమ్మా, ఇయ్యాల్టిది" అని చెయ్యి చాపుతడు. వాని జేబులు నేను దేవులాడను. అడిగేది అడుగుత, ఓపీకి తోడు పోత, గంతే.

కాలు నొప్పి అబద్ధం కాదు, అది నువ్వు గుర్తు పెట్టుకోవాలె. సలికాలం వస్తే రాడ్ వేసిన కాడ గుంజుతది. పైగా ఈ గోలీలు చాలా రోజులు వాడితే ఒంటికి నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తదట. ఫిజియోథెరపీకి పోతున్నడు. తొడ కండ బలపడ్డకొద్దీ నడక మెరుగైతున్నది, మెట్లు పట్టుకోకుండ దిగుతున్నడు.

చుట్టాల మాటలు నీ దాకా వస్తయి. మీ మేనమామ పెండ్లి చేస్తే అన్నీ కుదురుకుంటయన్నడు. ఒకరింటి ఆడపిల్లను తెచ్చి వీని రోగానికి మందు చేస్తమా? నా గొంతుల పానం ఉండంగ ఆ పని కానియ్య. ఇంకొకరు ఎక్కడ్నో ఊరవతల రూములేసి తాళం పెడ్తరు, అక్కడ పడెయ్యమన్నరు. మత్తు మందుల వల్ల వచ్చే మానసిక బాధలు కూడా 2017 మానసిక ఆరోగ్య చట్టం కిందికే వస్తయి, ఆ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టేసుడు నేరం. మీ బాపు ఐనవోలు మల్లన్నకు మొక్కిండు. మొక్కు మొక్కే, ఓపీ తారీఖు తారీఖే. రెండూ నడుస్తున్నయి.

ఇప్పుడు చెప్పేది భయపెట్టేందుకు కాదు, నీకు తెలిసి ఉండాలె. కొన్ని దినాలు మానినంక ఒంటికి పాత మోతాదు తట్టుకునే బలం ఉండది. అప్పుడు ఒక్కనాడు మనసు జారి పాత లెక్కనే వేసుకున్నడంటే ఊపిరి ఆగే ప్రమాదం. నిద్ర గోలీ గాని, తాగుడు గాని దానికి తోడైతే మరీను. నువ్వు ఇంట్ల ఉన్నప్పుడు వాడు ఎంత లేపినా లేవకుంటే, గురక తీరు మారితే, పెదవులు నల్లబడితే, కంటిపాప గుండుసూది మొన లెక్క అయితే, మొఖం మీద నీళ్లు చల్లుకుంట కూసోకు. పక్కకు తిప్పి పండబెట్టి 108కు కొట్టు, ఏం వేసుకున్నడో దాపెట్టకుండ చెప్పు. దవాఖానల ఈ గోలీల మత్తు విరిచే నాలోక్సోన్ సూది వేస్తరు. సూది పడంగనే లేచి కూసున్నా ఇంటికి తేవొద్దు, సూది జోరు తగ్గినంక మళ్ల మత్తుల పోవచ్చు.

నీకు మనసు ఆగనప్పుడు 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటరు, తెలుగుల మాట్లాడ్తరు. మత్తు అలవాటు గురించే అయితే 14446. రోగి ఒక్కడే చెయ్యాల్నని లేదు, ఇంటోళ్లు కూడా అడగొచ్చు.

వాడు మధ్యల ఒకసారి తప్పిండు. వాడే వచ్చి చెప్పిండు, మాకు దొరికిపోలే. డాక్టరమ్మ తిట్టలే, మోతాదు మళ్ల చూసి రాసింది. రేపు ఇంకోసారి తప్పినా "చూసినవా, నేను ముందే చెప్పిన" అనకు. వాడు వచ్చి చెప్పుడు బంద్ చేసిన దినం మనకు ఏ దారీ ఉండది.

సద్దుల బతుకమ్మకు వస్తవు కదా. వచ్చేటప్పుడు నీ బ్యాగుల నొప్పుల గోలీలు గాని, కోడీన్ ఉన్న దగ్గు మందు గాని ఉంటే నాకియ్యి, కోడీన్ కూడా ఈ గోలీల జాతిదే, బీరువల పెడ్త. గునుగు పువ్వుకు చెరువు కట్టకు వాన్నే తోలుకపో. అందరి ముందట గోలీల మాట ఎత్తకు, వానంతట వాడే ఎత్తితే విను. నీ పైసల సంగతి నేను మరిచిపోలే. యూనివర్సిటీ కాడి జిరాక్స్ షాపుల కూసుంటున్నడు, జీతం నా చేతికే ఇస్తున్నడు. అందుల్నుంచి నెల నెలా కొంత పక్కకు పెడ్తున్న, నీది నీకు వాని పేరు మీదనే వస్తది. ఆ సంగతి వానికి కూడా తెలుసు.

ఆదివారం వానికి సెలవు. పదకొండు దాటినంక ఫోన్ చెయ్యి, అప్పటికి ఫిజియోథెరపీ నుంచి వస్తడు.

మీ అమ్మ