జైసల్మేర్ బొమ్మలు ఉగాది లోపు పంపలేను

రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారిలో కూర్చుని నేను ఆయిల్ రంగులతో గీసిన చిన్న బొమ్మలకు డబ్బు కట్టి ఎదురుచూస్తున్న అందరికీ ముందుగా అసలు సంగతి: ఉగాది లోపు ఒక్కటీ పంపలేను. గీయడం ఎప్పుడో అయిపోయింది. హైదరాబాదులో మా ఇంటి అల్మారా అరల్లో వరుసగా ఆనించి ఉన్నాయి. ఆరలేదు, అంతే.

అరచేయంత బొమ్మ ఆరడానికి ఇంత కాలమా అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయిల్ రంగుల్లోని అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అందుకే బొమ్మ ఎంత పెద్దదన్నది కాదు, పూత ఎంత మందమన్నదే లెక్క. నేనేమో ఇసుక తిన్నెల అంచులను రంగులు పూసే కత్తితో దట్టంగా పెడతాను. అందులో ఎక్కువ భాగం టైటానియం వైట్ అనే తెల్లరంగు, అది ఆరడం మహా నిదానం. అంబర్ అనే మట్టి గోధుమరంగు కలిపిన నీడలు నాలుగైదు రోజుల్లోనే ఆరిపోయాయి. ఎండ పడిన అంచులు మాత్రం ఇప్పటికీ వేలికి అంటుతున్నాయి. తొందరపడి కవరులో చుట్టి పంపితే తిన్నె మీద ప్లాస్టిక్ మడతలు అచ్చుపడి మీకు చేరుతుంది.

నీళ్లతో కలిపే, త్వరగా ఆరే అక్రిలిక్ రంగులకు మారమన్న సలహా కూడా వచ్చింది. థార్ పొడిగాలిలో అక్రిలిక్ పలక మీదికి చేరేలోపే కుంచెలో బిగుసుకుంటుంది. ఆకాశం అంచు ఇసుకలోకి మెత్తగా కలవాలంటే రెండు రంగులూ పచ్చిగా ఉండాలి. కాబట్టి మారను.

నారింజ రంగు ఇసుక కావాలన్నవారికి ఒక మాట. క్యాలెండర్లలో కనిపించే ఆ రంగు పొద్దువాలే వేళ కాసేపే ఉంటుంది. మిగతా పగలంతా ఇసుక పాలిపోయి ఉంటుంది, నీడల్లో ఆకాశపు నీలం దిగుతుంది. నేను కూర్చున్నది ఎక్కువగా ఉదయాలు, ఆ రంగే వేశాను. ఇక జైసల్మేర్ దగ్గరి సమ్ తిన్నెల బొమ్మల్లో మనిషి జాడ లేదని మురిసిపోకండి, అవి గీస్తున్నంతసేపూ నా వీపు వెనక డేరాలు, జీపులు, పాటల హోరు.

అక్కడి ఖూరీ అనే ఊరి దారిలో గీసిన చెట్టు ఎందుకలా మొండిగా ఉందని ఒకరు అడిగారు. అక్కడివాళ్లు ఖేజ్‌డీ అనేది మన జమ్మి చెట్టే. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం అదే. చలికాలంలో పశువుల మేతకు కొమ్మలు నరుకుతారు, నేను వెళ్లేసరికి నరికేశారు. లేని కొమ్మలు పెట్టలేదు.

కొన్ని బొమ్మల్లో నిజం ఇసుక ఉంది. గాలి లేచినప్పుడు రంగుల పెట్టె మూత అడ్డం పెట్టినా ఆగదు. ఆకాశంలో పడిన రేణువులను కత్తి మొనతో తీసేశాను, తిన్నెల మీద పడినవి వదిలేశాను. వేలితో తడిమితే తెలుస్తాయి. లోపమని అనిపిస్తే ఇసుక లేనిది అడగండి, మారుస్తాను.

ధర కూడా పెంచుతున్నాను. నాలుగు బై ఆరు అంగుళాల బొమ్మ ఇకపై రెండు వేలు. ఇప్పటికే డబ్బు కట్టినవారికి పాత ధరే. బొమ్మను కాపాడే పైపూత, వార్నిష్ మాత్రం ఇప్పుడు వేయను, మందపు పూతలకు కనీసం ఆరు నెలలు ఆగాలి. అప్పుడు తిరిగి పంపితే ఉచితంగా వేసిస్తాను, పార్సిల్ ఖర్చు ఒకవైపు మీది, ఒకవైపు నాది. బొమ్మ ఆరి చేరేదాకా ఆగలేమనేవారు ఒక్క సందేశం పంపండి, కారణం అడగకుండా మొత్తం డబ్బు తిరిగి ఇచ్చేస్తాను.