బీరువా వెనక దొరికిన ఆకుల కట్ట

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో సైన్స్ ల్యాబ్‌కు సున్నం కొట్టించేటప్పుడు పాత ఇనుప బీరువా జరిపితే, దాని వెనక గోనెపట్టాలో చుట్టిన అట్టల కట్ట ఒకటి బయటపడింది. విప్పి చూస్తే దళసరి కాగితాలకు అతికించిన ఎండు మొక్కలు. ఎప్పుడో మన బడిలో పనిచేసి రిటైరైన ఒక సైన్స్ మాస్టారు తయారుచేసిన హెర్బేరియం అది. ఇన్నేళ్లూ మేమెవరం పట్టించుకోలేదు. సగం షీట్లు పురుగు తినేసింది. అది చూసి నాకు చాలా బాధ కలిగింది.

మిగిలినవాటిలో ఒకటి తుమ్మి మొక్క. తెల్లటి పూలు టీ రంగుకు తిరిగాయి. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది. కింది మూలన నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "తుమ్మి. చెరువు కట్ట, తూర్పు వైపు. వాన పడిన మర్నాడు. 24-11-1987."

ఆ చెరువు ఇప్పుడు లేదు. అక్కడ వీధులు, ఇళ్లు వచ్చాయి. మన పిల్లల్లో కొందరు అక్కడే ఉంటున్నారు. ఎనిమిదో తరగతి పాప ఒకామె ఆ షీట్ చాలాసేపు చూసి, "మేడమ్, మా ఇల్లున్న చోట చెరువుండేదా?" అని అడిగింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి వాళ్ల అవ్వను అడిగిందట. అవ్వ ఆ చెరువులో బట్టలు ఉతికిన సంగతులన్నీ రాత్రి దాకా చెప్పిందట.

పక్క షీట్ మీద తుమ్మి కంటే అందమైన మొక్క ఉంది. కానీ దాని మీద పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. అలాంటప్పుడు దానికీ ఎండుగడ్డికీ తేడా లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీశారు, అక్కడివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు అన్న ఆ నాలుగు ముక్కలు రాసిపెడితేనే మొక్కకు కథ ఉంటుంది.

అందుకే ఈ ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో షీట్ తయారుచేస్తారు. అందులో "ఇంట్లో పిలిచే పేరు" అన్న గడి తప్పనిసరి. ఆ పేరు పుస్తకంలో చూసి రాయకూడదు, పెద్దవాళ్లను అడిగి రాయాలి. ఇది నేను పట్టుబట్టి పెట్టించిన నియమం. రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టర్ 1780లలో సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించాడు. జ్వరానికి వాడే ఒక చెట్టు బెరడు గురించి తెలుగువాళ్లను అడిగితే "సోమిద" అన్నారు. ఇవాళ ప్రపంచమంతా ఆ చెట్టును సోయ్‌మిడా అనే అంటోంది. లాటిన్ పేరులా వినిపిస్తుంది గానీ, అది మన సోమిదే. పేరు చెప్పిన ఆ మనిషి ఎవరో ఎక్కడా నమోదు కాలేదు. మన పిల్లల షీట్ల మీద మాత్రం పేరు చెప్పిన అవ్వ పేరు, తాత పేరు కూడా రాయిస్తాం.

మన ఊరి పేరు పెట్టుకున్న మొక్క కూడా ఉంది. దాని శాస్త్రీయ నామం పింపినెల్లా తిరుపతియెన్సిస్. ఇక్కడివాళ్లు కొండ కొత్తిమీర అంటారు. తిరుమల కొండల్లో పెరిగే అరుదైన మొక్క. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల కళ్లు చూడాల్సింది!

హెర్బేరియంలో మొక్కలే కాదు, శిలీంధ్రాలు, లైకెన్లు కూడా దాస్తారు. లైకెన్ అంటే మీకు తెలియనిదేమీ కాదు, బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు అదే. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి కాపురం చేస్తే లైకెన్ అవుతుంది. దానికి వేళ్లు ఉండవు, నీళ్లూ పోషకాలూ చాలావరకు గాలి నుంచీ వాననుంచే తీసుకుంటుంది. అందుకే గాలి చెడితే చాలా రకాలు బతకవు. పారిస్‌లోని ఒక పార్కులో పెరిగే లైకెన్లు ఆ నగరంలో మిగతాచోట్ల కనిపించడం లేదని నైలాండర్ అనే శాస్త్రవేత్త 1866లోనే రాశాడు.

నన్ను బాగా కదిలించింది మాత్రం బంగాళాదుంప ఆకుల కథ. 1840లలో ఐర్లండ్‌లో ఆ పంటకు తెగులు సోకి, కరువు వచ్చి దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. ఆ కాలంలో ఎవరో తెగులు పట్టిన ఆకులను ఎండబెట్టి, వివరాలు రాసి దాచారు. డీఎన్ఏ అనే మాటే అప్పటికి లేదు. 2013లో శాస్త్రవేత్తలు అలాంటి పాత ఆకుల నుంచే డీఎన్ఏ తీసి, ఆ కరువుకు కారణమైన తెగులు రకం ఏదో తేల్చారు. అంతకుముందు చాలాకాలం వేరే రకాన్ని అనుమానించేవారు. ఆ ఆకులను దాచినవాళ్లకు తమ పని ఎందుకు పనికొస్తుందో తెలిసే వీలే లేదు.

ఇక మీ నుంచి కావలసింది. పెరట్లో, గట్టు మీద, రోడ్డు పక్కన దొరికే మామూలు మొక్కలే చాలు. గురుగాకు, పొన్నగంటి, ఉత్తరేణి ఏదైనా ఫరవాలేదు. గురుగాకునే తెలంగాణలో గునుగు అని బతుకమ్మలో పేరుస్తారు, ఆ రెండో పేరు తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే అదీ రాయించండి. అలిపిరి నడకదారిలో గానీ, శేషాచలం అడవిలో గానీ ఒక్క ఆకు కూడా తుంచనివ్వొద్దు. అది రక్షిత అడవి, అక్కడి మొక్కలు కొన్ని ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

మొక్కను న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, పైన ఇటుకలు పెట్టి, మొదటి వారం రోజూ కాగితం మార్చాలి. వానాకాలం కాబట్టి మార్చకపోతే బూజు పడుతుంది. పిల్లలు మరిచిపోతే కాస్త గుర్తుచేయండి. ఇంట్లో పాత న్యూస్‌పేపర్లుంటే బడికి పంపండి. నున్నటి రంగుల కాగితాలు వద్దు, అవి తడి పీల్చవు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు