పియానో వినేవాళ్లకు మా షాపు నుంచి: డెమో గది మారుతోంది, నా సలహా కూడా కొంచెం మారుతోంది

వచ్చే నెల నుంచి మా సికింద్రాబాద్ షాపులో వెనక డెమో గదిలో రెండు స్పీకర్లు, ఒక స్టీరియో ఆంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే పెట్టె), ఒక కుర్చీ, అంతే. గోడనిండా ఉన్న 5.1 సెట్లు (ఐదు స్పీకర్లు, ఒక బాస్ డబ్బా ఉండేవి), సౌండ్‌బార్లు ముందు హాల్లోకి వెళ్తున్నాయి. వాటి అమ్మకం ఆపడం లేదు, సినిమాకీ క్రికెట్‌కీ కావాల్సినవాళ్లకు ఎప్పట్లాగే ఇస్తాం. ఈ మార్పు ముఖ్యంగా వెస్టర్న్ క్లాసికల్ పియానో వినడానికి సిస్టమ్ అడుగుతున్నవాళ్ల కోసం. ఈమధ్య అలాంటివాళ్లు బాగానే వస్తున్నారు. పిల్లలు లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే గ్రేడ్ పరీక్షలకు పియానో నేర్చుకుంటుంటే, మంచి రికార్డింగులు వినిపించమని టీచర్ చెప్పారట. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది మాత్రం "బాస్ ఎలా ఉంటుందండీ?" అనే.

సబ్‌వూఫర్, అంటే బాస్ కోసం విడిగా పెట్టే డబ్బా, అమ్మితే నాకు మంచి మార్జిన్ ఉంటుంది, అందులో దాచేదేమీ లేదు. అయినా పియానోకి ముందు దాన్ని పక్కన పెట్టండి అనే చెప్తాను. పియానోకి 88 మీటలు, అన్నిటికంటే కిందిది 27.5 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు), పైది 4186 హెర్ట్జ్. 27.5 అనగానే సబ్‌వూఫర్ లేకపోతే ఎలా అనిపిస్తుంది కానీ, ఆ అట్టడుగు స్వరాల్లో అసలు ఫ్రీక్వెన్సీ చాలా బలహీనంగా ఉంటుంది, మన చెవికి అందేది ఎక్కువగా దాని మీద పుట్టే రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలే. కాబట్టి 45 హెర్ట్జ్ దాకా శుభ్రంగా పలికే స్పీకర్ల జత ఉంటే మామూలు గదికి సరిపోతుంది. ఇంకో సంగతి, కింది స్వరాలకు వూఫర్, పై స్వరాలకు ట్వీటర్ అని రెండు యూనిట్లుండే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లో సాధారణంగా 2 నుంచి 3 వేల హెర్ట్జ్ దగ్గర పని ట్వీటర్ చేతికి వెళ్తుంది, అంటే పియానో మీటల్లో దాదాపు అన్నిటి అసలు స్వరమూ వూఫర్ నుంచే వస్తుంది. డబ్బు అక్కడ పెట్టాలి, మూల కూర్చుని దడదడలాడే డబ్బా మీద కాదు.

వాట్ల సంగతి. డబ్బా మీద వేలల్లో పీఎంపీఓ అని రాసి ఉంటే అది ప్రచారానికి వేసే అంకె, చదవనట్టే ఉండండి, ఆర్‌ఎంఎస్, అంటే ఆపకుండా ఇవ్వగలిగే పవర్, ఎంతో అడగండి. పియానోలో మెల్లటి చోటికీ, రెండు చేతులతో గట్టిగా కొట్టే చోటికీ తేడా చాలా ఎక్కువ. శబ్దం 20 డెసిబెల్స్ పెరగాలంటే ఆంప్ 100 రెట్ల పవర్ ఇవ్వాలి, అందుకే అప్పటిదాకా హాయిగా పాడిన చిన్న సిస్టమ్ పెద్ద కార్డ్ (చాలా స్వరాలు ఒకేసారి మోగించేది) రాగానే గొంతు చించుకుంటుంది. ఇక్కడ ఒక దగ్గరి దారి ఉంది. స్పీకర్ కాగితంలో సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె, చూడండి, 86 బదులు 89 డెసిబెల్స్ ఉన్నది తీసుకుంటే అదే శబ్దానికి సగం పవర్ చాలు. ఆంప్ మీద పెట్టాలనుకున్న డబ్బులో కొంత అక్కడే మిగులుతుంది.

సౌండ్‌బార్ సరిపోదా అని చాలామంది అడిగారు. వంట చేసుకుంటూ వినడానికి సరిపోతుంది. కూర్చుని వినడానికి సరిపోదు.

ఇక అసలు చిక్కు గదిది. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1828లో, చనిపోవడానికి రెండు నెలల ముందు పూర్తి చేసిన బి ఫ్లాట్ పియానో సొనాటా చాలామంది దగ్గర ఉంటుంది, లేకపోతే పెట్టుకు వినండి. మొదట్లో ప్రశాంతంగా సాగే రాగం ఒక్కసారి ఆగుతుంది, ఎడమచేతి వైపు అడుగున జి ఫ్లాట్ మీద చాలా మెల్లగా ఒక ట్రిల్, పక్కపక్క రెండు స్వరాలు గబగబా వణికినట్టు. ఆ స్వరం 46 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. మన ఫ్లాట్లలో గది పొడవు తరచూ 12 అడుగులు, 12 అడుగుల ఎదురెదురు గోడల మధ్య శబ్దం ఊగి పెరిగే ఫ్రీక్వెన్సీ దాదాపు 47 హెర్ట్జ్. అంటే షూబర్ట్ ఎక్కడో దూరాన ఉరిమినట్టు వినపడాలని రాసిన చోటే మీ గది మైకు పట్టుకుని అరుస్తుంది. గది 10 అడుగులైతే ఆ బెడద 56 దగ్గరికి పోతుంది, అప్పుడు అడుగున ఉండే ఒక 'ఎ' స్వరం ఉబ్బుతుంది, దాని పక్క మీటలు మామూలుగానే ఉంటాయి. స్పీకర్ పాడైందని తిరిగి తెచ్చేవి కొన్ని ఇలాంటివే, షాపులో పెడితే శుభ్రంగా పలుకుతాయి.

దీనికి ఖర్చులేని వైద్యం ఉంది. కుర్చీని వెనక గోడకు ఆనించొద్దు, మూడు నాలుగు అడుగులు ముందుకు జరపండి, స్పీకర్లను కూడా గోడ నుంచి కాస్త బయటికి లాగి మళ్లీ అదే ట్రిల్ వినండి. తర్వాత గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. వెనకే టంగుమని చిన్న మోత వస్తే అది విట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడల పని. ఒక మందపాటి తివాచీ, ఓ పుస్తకాల అలమర, బరువైన కర్టెన్లు చాలు. కానీ తివాచీతో 47 హెర్ట్జ్ తగ్గదు, టంగుమనే మోతకీ ఈ అడుగు స్వరాల ఉబ్బుకీ ఒకే మందని అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త. సీలింగ్ ఫ్యాన్ ఐదులో పెట్టుకుని పియానో మెల్లటి భాగాలు వినపడటం లేదంటే మాత్రం నేను చేయగలిగిందేమీ లేదు.

అందుకే ఇకనుంచి ఇంటికి పట్టుకెళ్లి విని చూసుకునే సౌకర్యం పెడుతున్నాం. డిపాజిట్ కట్టి శనివారం జత తీసుకెళ్లండి, మంగళవారం తెచ్చివ్వండి, నచ్చకపోతే డిపాజిట్ మొత్తం వెనక్కి. పిల్లలు ట్వీటర్ గుండీ లోపలికి నొక్కేస్తే మాత్రం ఆ ఖర్చు మీదే, నొక్కాలనిపించేలా ఉంటుందది, నాకు తెలుసు. ముందు ఇచ్చే జత వార్ఫ్‌డేల్ వాళ్లది. ఆ కంపెనీని 1932లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్‌కి పియానో పిచ్చి, 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో జనం ముందు ప్రత్యక్ష వాద్యాన్నీ రికార్డింగునీ ఒకదాని తర్వాత ఒకటి వినిపించి పోల్చుకోమన్నాడు. కంపెనీ ఎప్పుడో చేతులు మారింది, ఆ కథకీ ఈ జతకీ సంబంధం లేదు, ఇష్టం కొద్దీ చెప్పానంతే.

ఎల్‌పీ ప్లేయర్ కావాలనే వాళ్లకు ఒక హెచ్చరిక. రికార్డు మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉన్నా, ప్లేయర్ వేగం నిలకడగా లేకపోయినా పియానో వెంటనే పట్టిచ్చేస్తుంది. వీణలోనో పాటలోనో గమకం ఉంటుంది కాబట్టి చిన్న ఊగిసలాట దాంట్లో కలిసిపోతుంది, పియానో స్వరం కొట్టాక కదలదు, అది ఊగిందంటే కడుపులో తిప్పినట్టుంటుంది. చవక ప్లేయర్ కొనే బదులు ఆ డబ్బు కూడా స్పీకర్లలో కలిపి ఫోన్ నుంచే వినండి, బ్లూటూత్‌తో కాకుండా చిన్న డాక్ (ఫోన్‌లోని డిజిటల్ సంకేతాన్ని ఆంప్‌కి పనికొచ్చేలా మార్చే పరికరం, డీఏసీ) పెట్టి వైరుతో. యాప్‌లో పాటలన్నిటినీ ఒకే వాల్యూమ్‌కి తెచ్చే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, ఒక పాట చివరని తర్వాతిదాని మొదట్లో కలిపేసే క్రాస్‌ఫేడ్ కూడా.

బడ్జెట్ అడిగేవాళ్లకి నా లెక్క: మొత్తంలో సగానికి పైగా స్పీకర్లకి, మిగతాది ఆంప్, స్టాండ్లు, తివాచీకి. వైర్ల మీద వేలు పోయకండి, మా దగ్గర ఖరీదైనవి ఉన్నా సరే. డెమో గదికి వచ్చేటప్పుడు మీరు రోజూ వినే రికార్డింగే తెచ్చుకోండి, నేను పెట్టేది వినొద్దు, నాకు ఏ స్పీకర్ మీద ఏది బాగా పలుకుతుందో తెలుసు కాబట్టి అదే పెడతాను. సాయంత్రాలు రద్దీగా ఉంటుంది, మధ్యాహ్నం వస్తే తీరిగ్గా వినొచ్చు, ముందు ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి.