లంబసింగి రోడ్డు కథ చెప్పే బోర్డు ఒక్కటైనా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే శనివారం అర్ధరాత్రి దాటాక విశాఖ నుంచి అనకాపల్లి వైపు కార్లు, బైకులు బారులు తీరతాయి. వాటిలో చాలా వరకు మంచుకి పేరుపడ్డ కొండ ఊరు లంబసింగికే. తాళ్లపాలెం దగ్గర హైవే దిగి, మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం చేరి, అక్కడో టీ తాగి, తెల్లారకముందే ఘాట్ ఎక్కేస్తారు. చెరువులవేనం కొండ మీద నిలబడి మంచు చూస్తారు, తాజంగి రిజర్వాయరు చూస్తారు, భోజనాల వేళకి తిరుగుముఖం పడతారు. గత డిసెంబరులో మేమూ కుటుంబంతో అలాగే వెళ్లాం. వచ్చినప్పటి నుంచి మనసులో నలుగుతున్న సంగతులు మీ పత్రిక ద్వారా అధికారులకీ, మా ఊరి వాళ్లకీ చెప్పుకోవాలని ఈ ఉత్తరం.

ముందు ఆ రోడ్డు గురించి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే దారి మామూలు దారి కాదు. మన్యం తిరుగుబాటుకి దారితీసిన కారణాల్లో అదొకటి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక గిరిజనులు అడవి నరికి, కాల్చి చేసుకునే పోడు సాగు మీద ఆంక్షలు పడ్డాయి, అడవిలో పుల్ల ఏరుకోవడానికి కూడా ఒకరి అనుమతి కావాల్సి వచ్చింది. ఆ పైన ఈ రోడ్డు పని. గూడెం ప్రాంతపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో గిరిజనులను ఇళ్ల నుంచి లాక్కొచ్చి కొండలు తవ్వించారు. వాళ్లకి చేతిలో పడింది అరకొర కూలి, అడిగితే దెబ్బలు. గాం గంటం దొర, మల్లు దొర సోదరులు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి బాస్టియన్ పెట్టిన బాధలూ ఒక కారణమే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. స్టేషన్‌లో తుపాకులు తీసుకుని, తీసుకున్న వాటి లెక్క రాసి మరీ సంతకం పెట్టి వెళ్లిన మనిషి రామరాజు. ఆ ధైర్యం, ఆ నిజాయితీ మన పిల్లలకు సినిమాల్లో తప్ప ఇంకెక్కడా కనబడడం లేదు. ఆ కథ నడిచిన రోడ్డు మీదే వాళ్లు కారులో నిద్రపోతూ వెళ్లిపోతున్నారు.

నర్సీపట్నంలో ఇద్దరు బ్రిటిష్ అధికారుల సమాధులున్నాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో రామరాజు దళం చేతిలో చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్‌ల సమాధులవి. చచ్చిపోయిన వాళ్ల మీద పగ ఎవరికీ వద్దు, ఆ సమాధులు అలాగే ఉండాలి. కానీ ఆ ఇద్దరు ఆ కొండల్లోకి ఎందుకు వచ్చారో, వాళ్లకి ఎదురు నిలిచిన వాళ్లు ఎవరో చెప్పే నాలుగు వాక్యాలు పక్కన ఉండాలి కదా. రోడ్డు తవ్విన వాళ్లకి సమాధులు లేవు, పేర్లు లేవు. కనీసం వాళ్లు తవ్వారన్న సంగతైనా ఒక రాయి మీద రాయించలేమా?

తిరుగు ప్రయాణంలో పట్టుబట్టి మా వాళ్లని కృష్ణదేవిపేట తీసుకెళ్లాను. 1917లో ఈ ప్రాంతానికి వచ్చిన రామరాజు తన ఊరుగా చేసుకున్న చోటు అది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపాక మృతదేహాన్ని అక్కడికే తెచ్చారు. ఇప్పుడు తోటలో ఆయన సమాధి, పక్కనే గంటం దొర సమాధి ఉన్నాయి. ఆదివారం, సీజన్ మంచి ఊపు మీదున్న రోజు. కొండ మీద కారు నిలపడానికి చోటు దొరక్క టెన్షన్ పడ్డాం, ఇక్కడ మాత్రం మేము, ఆడుకుంటున్న ఇద్దరు ఊరి పిల్లలు తప్ప ఎవరూ లేరు. లోపలికి వెళ్తుంటే ఆ పిల్లల్లో ఒకడు "చెప్పులు ఇక్కడ ఇప్పండి" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే వాడికి తెలిసిన మర్యాద అది. విశాఖ నుంచి వచ్చే వేలమందిలో పదోవంతు ఇటు తిరిగినా ఆ ఊళ్లో రెండు టిఫిన్ బళ్లు, నాలుగు కొట్లు నిలబడతాయి.

మల్లు దొర సంగతి ఎంతమందికి తెలుసు? అండమాన్ జైలుకి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చి, 1952 ఎన్నికల్లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచారు. రామరాజు పుట్టిన పాండ్రంగి కూడా మన జిల్లాలోనే, పద్మనాభం మండలంలో ఉంది. ఈ చరిత్ర విశాఖకి పరాయిది కాదు.

ఇక రెండో సంగతి. ఇది చెప్పడానికే నాకు ఎక్కువ బాధగా ఉంది.

మంచు చూసి కిందికి దిగుతుంటే దారి పక్కన రాజ్‌మా చేనులో ఒక గిరిజన మహిళ వంగి ఏదో ఏరుతోంది. కాయలు అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే బీరు సీసా పెంకులు. కొంగులో మూటగట్టి గట్టు మీద కుప్ప పోస్తోంది. చేను మధ్యలో కాగితపు గ్లాసులు, థర్మాకోల్ ప్లేట్లు, చలిమంట వేసుకున్న నల్లటి మచ్చ. "మీరు సూసి పోతారమ్మా, ఏరుకునేది మేమే" అంది. కోపంగా కూడా అనలేదు. ఆమె కాళ్లకి చెప్పులు లేవు. రాత్రంతా పాటలు పెట్టుకుని గంతులేసిన కుర్రాళ్లు మన ఊరి వాళ్లే, మన ఇళ్లలోని వాళ్లే. అడ్డాకుల విస్తరి పుట్టే చోటికి మనం థర్మాకోల్ ప్లేటు మోసుకెళ్తున్నాం.

మరుగుదొడ్ల విషయం ఆడవాళ్లు బయటికి చెప్పుకోలేక ఊరుకుంటున్నారు. అర్ధరాత్రి ఇంట్లో బయలుదేరి తెల్లారేదాకా ఘాట్‌లో ఇరుక్కున్న ఆడపిల్లలు ఎక్కడికి వెళ్లాలి? మేము వెళ్లిన రోజు కాఫీ తోటల్లోకి, ఎవరివో చేలల్లోకి వెళ్లక తప్పలేదు. మాకు అవమానం, ఆ రైతులకి కష్టం. ఒక రాత్రికి వేలమంది వస్తారని ముందే తెలిసిన చోట తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టడం జాతరలప్పుడు మనకి అలవాటైన పనే.

ఎందుకు జరగడం లేదంటే నాకు తోచిన కారణం ఒకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నర్సీపట్నం, కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. వచ్చే జనం మాత్రం ఎక్కువగా విశాఖ నుంచి. మూడు జిల్లాల మధ్య ఈ రోడ్డు ఎవరి బాధ్యతో తేలడం లేదు. సీజన్‌కి ముందు ముగ్గురు కలెక్టర్లు ఒక్కపూట కూర్చుని మాట్లాడుకుంటే చాలా వరకు తెగిపోతుంది. రాజమహేంద్రవరం నుంచి విజయనగరం వరకు 516-ఈ జాతీయ రహదారి ఈ కొండల మీదుగానే వెళ్తుంది. రోడ్డు వెడల్పయ్యేకొద్దీ బళ్లు ఇంకా పెరుగుతాయి. తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టడం సంతోషమే, కానీ దారి పొడవునా ఉన్న చరిత్రకి మ్యూజియం దాకా ఆగాల్సిన పని లేదు.

ఆర్టీసీ వారికి ఒక విన్నపం. చలికాలం ఆదివారాల్లో ద్వారకా బస్ కాంప్లెక్స్ నుంచి లంబసింగి, చింతపల్లి, కృష్ణదేవిపేట చూపించి రాత్రికి దింపేలా ఒక బస్సు వేయండి. సొంత కారు లేనివాళ్లు, నాలాంటి పెద్దవాళ్లు తప్పక ఎక్కుతారు. మంచులో ఘాట్ మీద నడిపే కుర్రాళ్ల బైకులు కొన్నయినా తగ్గుతాయి. భోజనం ఏర్పాటు స్థానిక మహిళా సంఘాలకి అప్పగిస్తే అడ్డాకులో వేడి అన్నం దొరుకుతుంది, ఆ డబ్బు అక్కడే ఉంటుంది.

నవంబరు నుంచి మళ్లీ జనం మొదలవుతారు. ఈలోగా నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో, డౌనూరు చెక్‌పోస్టు దగ్గర, లంబసింగి కూడలిలో ఈ రోడ్డు కథ చెప్పే తెలుగు బోర్డులు పెట్టించాలి. డౌనూరులో మరుగుదొడ్లు కట్టించాలి. పైకి వెళ్లే బళ్లలో మద్యం, థర్మాకోల్ సరుకు ఉందేమో ఆ చెక్‌పోస్టులోనే చూసి ఆపాలి. తర్వాతి సీజన్‌కి వాయిదా వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం