సెలవుల్లో ప్రోగ్రామింగ్ పుస్తకం కొనే ముందు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

నమస్కారం. సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. విజయవాడలో పుస్తక మహోత్సవం జరిగే రోజులు కూడా ఇవే కావడంతో, ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు కొందరు ఈ నెలలో నన్ను ఒకే ప్రశ్న అడిగారు. పిల్లవాడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను సొంతంగా నేర్చుకుంటానంటున్నాడు, ఏ పుస్తకం కొనమంటారు? ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే గానీ, ఒకరికి కుదిరిన పుస్తకం మరొకరికి కుదరకపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు ఏమేమి చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

గత వేసవిలో మన తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఏలూరు రోడ్డులో ఒక పాత పైథాన్ పుస్తకం కొనుక్కున్నాడు. మొదటి పాఠంలోని మొదటి ప్రోగ్రామును అక్షరం పొల్లుపోకుండా టైపు చేసినా అది నడవలేదు. జవాబును చూపమని చెప్పే ప్రింట్ అనే మాట తరువాత బ్రాకెట్లు లేవని కంప్యూటరు తెరమీద స్పష్టంగానే చెబుతోంది, కానీ ఆ పిల్లవాడు రెండు రోజులపాటు తన టైపింగులోనే తప్పు వెతుక్కున్నాడు. "పుస్తకంలో అచ్చయినది తప్పెలా అవుతుంది మేడమ్?" అని అడిగాడు. నిజానికి పుస్తకమూ తప్పు కాదు, దాని కాలం చెల్లిపోయిందంతే. గైడో వాన్ రోసమ్ 1991లో తొలిసారి విడుదల చేసిన ఈ భాషకు 2008 డిసెంబరులో మూడో వెర్షన్ వచ్చింది. రెండో వెర్షన్‌లో రాసిన ప్రోగ్రాములు చాలావరకు అందులో యథాతథంగా నడవవు. 2020 జనవరి 1తో రెండో వెర్షన్‌కు అధికారిక మద్దతు కూడా ఆగిపోయింది. అయినా ఆ కాలపు పుస్తకాలు పాత పుస్తకాల అంగళ్లలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

బ్రాకెట్ల తేడా వల్ల ప్రోగ్రాము కనీసం ఆగిపోతుంది కాబట్టి పిల్లలకు తెలుస్తుంది. అంతకంటే చిక్కైనది భాగహారం. 7ను 2తో భాగించమంటే పాత పైథాన్ శేషాన్ని వదిలేసి 3 అని చెప్పేది, ఇప్పటిది 3.5 అంటుంది. ఇక్కడ కంప్యూటరు ఏ హెచ్చరికా చేయదు. పుస్తకంలోని జవాబు ఒకటి, తెరమీది జవాబు మరొకటి అయ్యేసరికి పిల్లవాడికి తన లెక్క మీదే నమ్మకం పోతుంది. కనుక కొనే ముందు ప్రింట్ పక్కన బ్రాకెట్లు ఉన్నాయో లేవో ఏదో ఒక పేజీలో చూడండి. ముద్రణ సంవత్సరాన్ని మాత్రం నమ్ముకోకండి. పాత కూర్పునే ఏటా పునర్ముద్రించే ప్రచురణకర్తలు ఉన్నారు. కూర్పు ఎప్పటిదో లోపలి పేజీలో విడిగా వేస్తారు, చూడవలసింది దాన్ని. సి, సి ప్లస్ ప్లస్ అనే భాషల పుస్తకాలకూ ఇదే వర్తిస్తుంది. సి ప్రోగ్రాములు రాయడానికి ఒకప్పుడు వాడిన టర్బో సి అనే సాఫ్ట్‌వేర్ నాటి నీలిరంగు తెర బొమ్మలతో, తెర తుడిచే క్లియర్ స్క్రీన్ ఆదేశంతో ప్రతి ప్రోగ్రామూ మొదలుపెట్టే పుస్తకం ఇంటర్ చదివే అక్కయ్య అలమరలో ఉన్నా సరే, దాన్ని ఇప్పుడు బయటకు తీయవద్దు.

పైథాన్ విషయంలో అచ్చు నాణ్యత కూడా ముఖ్యమే. ఏ వాక్యం దేని కింద నడవాలన్నది ఈ భాషలో ఆ వరుసకు ఎడమవైపు వదిలిన ఖాళీని బట్టి నిర్ణయమవుతుంది, సాధారణంగా నాలుగు ఖాళీలు వదులుతారు. చౌకగా దొరికే జిరాక్సు ప్రతుల్లోనూ, అశ్రద్ధగా కూర్చిన పుస్తకాల్లోనూ ఆ ఖాళీలు చెదిరి వరుసలన్నీ అంచుకు అంటుకుపోతాయి. చూసి టైపు చేసే పిల్లవాడికి అలాంటి పుస్తకం ఎందుకూ పనికిరాదు.

ఇక లావు సంగతి. ఎనిమిది వందల పేజీలు ఉంటే గిట్టుబాటు అయినట్టు మనకు అనిపిస్తుంది. నేను కూడా కాలేజీ రోజుల్లో ఒక లావుపాటి సి పుస్తకాన్ని నవల చదివినట్టు పడుకుని చదివి ముగించాను, ముగించాక పది వరుసల ప్రోగ్రాము సొంతంగా రాయలేకపోయాను. పెద్ద పేరున్న పుస్తకమైనా మీ బిడ్డ కోసమే రాసినది కానవసరం లేదు. సి భాషను రూపొందించిన డెనిస్ రిచీ, బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి 1978లో రాసిన పుస్తకం ఇప్పటికీ ప్రామాణికమే, పైగా సన్ననిది. అయితే ఇది తొలి పాఠాల పుస్తకం కాదని, చదివేవారికి చలరాశులు (విలువలు దాచే పేర్లు), లూపులు (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించే వరుసలు) వంటివి కొంత తెలిసి ఉండాలని వారే ముందుమాటలో చెప్పారు. అమెరికాలో ఉన్న మేనమామ సలహా మీద దాన్ని ఎనిమిదో తరగతి పాప చేతికి ఇస్తే, లోపం పాపదీ కాదు, పుస్తకానిదీ కాదు.

నేను ముఖ్యంగా చూసేది అభ్యాసాలను. పుస్తకం మధ్యలో లూపుల పాఠం తెరిచి, చివర ఏమి అడిగారో చదవండి. నిర్వచనం రాయండి, తేడాలు తెలపండి అనే ప్రశ్నలే ఉంటే అది పరీక్షల కోసం రాసిన పుస్తకం. పై ప్రోగ్రామును మార్చి ఎక్కాల పట్టికను పదికి బదులు ఇరవై వరకు వచ్చేలా చేయండి, ఈ ప్రోగ్రాములో తప్పెక్కడుందో కనిపెట్టండి అని అడిగితే అది సొంతంగా నేర్చుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకం. దగ్గర ఉపాధ్యాయుడు ఉండడు కాబట్టి కొన్నింటికైనా జవాబులు ఉండాలి, అన్నింటికీ ఉంటే మాత్రం పిల్లలు ముందు వాటినే చూస్తారు.

భాష గురించి కూడా కొందరు అడిగారు. రెండో పాఠంలో ఒక పేజీని మీ బిడ్డ చేత పైకి చదివించి, అర్థమైనది తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే ఇంగ్లీషు పుస్తకం నిశ్చింతగా కొనవచ్చు. చెప్పలేకపోతే తెలుగు వివరణ ఉన్నదే మేలు. అయితే లూప్, ఫంక్షన్ వంటి మాటలను అలాగే ఉంచిన పుస్తకం చూడండి. ఆ మాటలకు కఠినమైన సంస్కృత పదాలు కల్పించిన పుస్తకం చదివిన పిల్లలు తరువాత ఇంగ్లీషు పాఠం ముందు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.

డబ్బు ఖర్చు చేయకముందే ఒకటి పరిశీలించండి. పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ కోసం ఎన్‌సీఈఆర్‌టీ వెలువరించిన పాఠ్యపుస్తకం ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో పైథాన్ పాఠాలకు ముందు, సమస్యను మెట్లుమెట్లుగా విడగొట్టి కాగితం మీద రాయడం నేర్పే అధ్యాయం ఉంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు దాన్ని చదవగలరు. పైథాన్ కూడా ఉచితమే. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు ప్రోగ్రామును నోటు పుస్తకంలో రాసి, తెరమీద ఏమి వస్తుందో పక్కనే ముందుగా ఊహించి రాసుకుని రావచ్చు. సెలవుల్లో పండుగ మూడు రోజులు, ఆదివారాలు మినహా ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు మన ల్యాబు తెరిచి ఉంటుంది.

ఇప్పటికే పుస్తకం కొన్నవారు సెలవులకు ముందు పిల్లల చేత దాన్ని బడికి పంపితే, కంప్యూటర్ ఉపాధ్యాయుడూ నేనూ చూసి మాకు తోచినది మొదటి పేజీలో ఒక చీటీ మీద రాసి పంపుతాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు